తోడల్లుడితో సహా పాలకు వెళ్ళిన ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు తోలి చూడు అని మాత్రం ఒక్కరూ హెచ్చరించలేదు. ఆ మాట కూడా అనివుంటే, ఒక పెద్దమనిషిని ఒంటినిండా సబ్బుతో కొండదారి వెంట ఎత్తుకుపోయిన ఘనత నాకు దక్కేది కాదు. నవ్వుకోండి, ఫరవాలేదు. మా బంధువులంతా ఇప్పటికే నవ్వేశారు.

మాది అమెరికాలో మోరిస్‌విల్. చాలా ఏళ్ళు మా సెలవులన్నీ ట్రైలర్‌లోనే గడిచాయి. ట్రైలర్ అంటే ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు. దాంతో నా గొడవల్లా రివర్స్. నేను స్టీరింగ్ కుడికి తిప్పితే అది అలిగిన పెళ్ళికొడుకులా ఎడమకి పోయేది. క్యాంప్‌గ్రౌండ్‌లో నేను బండి వెనక్కి పెడుతున్నానంటే చుట్టుపక్కలవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని మరీ చూసేవారు. ఆ అవమానం పడలేక దాన్ని అమ్మేసి, ఇంజనూ ఇల్లూ ఒకటిగా ఉండే మోటార్‌హోమ్ కొన్నాను. ముందు డ్రైవర్ సీటు, దాని వెనక కర్టెన్, కర్టెన్ అవతల వంటిల్లు, పడకలు, స్నానాల గది.

"ఉన్నదానికేం రోగమొచ్చింది?" అంది మా ఆవిడ సుధ.

"ఇందులో తగిలించడాలు, విప్పడాలు ఉండవే. కూర్చో, స్టార్ట్ చెయ్యి, పో. అంతే!"

"మీరు 'అంతే' అన్నప్పుడల్లా నాకు గుండె దడ."

మొదటి ట్రిప్‌కి అల్ఫారెట్టా నుంచి సుధ అక్క పద్మ వదిననీ, ఆమె భర్త రాజిరెడ్డి అన్నయ్యనీ పిలిచాను. దీనికో కారణముంది. అక్కాచెల్లెళ్ళు ఏడాదిన్నరగా మాట్లాడుకోవడం లేదు. వదిన గృహప్రవేశం ఆల్బమ్‌లో సుధ ముఖం సగమే పడిందట. అదీ గొడవ! భారతయుద్ధానికైనా ఇంతకంటే గట్టి కారణం ఉంది. నాలుగు రోజులు ఒకే కప్పు కింద ఉంటే వాళ్ళే కలుస్తారని నేనూ అన్నయ్యా పన్నాగం పన్నాం.

కొండల్లో సరస్సు పక్క క్యాంప్‌గ్రౌండ్‌లో మాకిచ్చిన సైట్‌లో బండి ఆపి, అక్కడి గుంజలకు నీళ్ళ పైపూ కరెంటు తీగా కలిపాం. మొదటి రోజంతా "ఉప్పు కావాలేమో అడగండి", "అక్కర్లేదని చెప్పండి" అంటూ మా మీదుగానే రాయబారాలు నడిచాయి. ఇరవై అడుగుల ఇంట్లో రెండు దేశాలు, ఒక సరిహద్దు.

మర్నాడు పొద్దున్నే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఫోన్లు లోపల చార్జింగ్‌లో పెట్టి సరస్సు దగ్గరికి వెళ్ళారు. చెరో బెంచీ మీదికి, లెండి. నేను లేచి చూస్తే పాలు లేవు. కాఫీ పడని నా బుర్ర తాళం వేసిన దుకాణం లాంటిది. ట్రైలర్ రోజుల్లో ఇల్లు అక్కడే వదిలేసి ట్రక్కులో వెళ్ళి పాలు తెచ్చేవాణ్ణి కదా? అదే అలవాటున బయటికి వెళ్ళి, చుట్టూ తిరిగి, డ్రైవర్ తలుపు తెరిచి ఎక్కాను. వెనక కర్టెన్ వేసే ఉంది. ముందు అద్దం, చేతిలో స్టీరింగ్. అచ్చం ట్రక్కే! స్టార్ట్ చేశాను. పోయాను. అంతే.

పక్క సైట్‌లోని ముసలాయన రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. ఎంత మంచి మనుషులో అనుకుని నేనూ దర్జాగా చెయ్యూపాను.

రెండు మైళ్ళు దాటాక వెనక దబదబమని శబ్దం. టైరేమో అనుకున్నాను. ఇంతలో కర్టెన్ తొలిగి, నా చెవి పక్కన నురగతో తెల్లబడ్డ తలకాయ ఒకటి ప్రత్యక్షమైంది.

"ఏందయ్యా తమ్మీ! భూకంపమొచ్చిందా ఏంది? నీళ్ళు బందైనయ్!"

"అన్నయ్యా! మీరు ట్రక్కులోకి ఎలా వచ్చారు?"

"నేనేడికీ రాలే. తానం చేస్తున్న. నువ్వే ఇల్లు గుంజుకపోతున్నవ్!"

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంటినే రచ్చకీడ్చాను. బండి ఆపుదామంటే ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. పైగా వెనక పోలీసు లైట్లు. నీళ్ళ పైపూ కరెంటు తీగా గుంజల నుంచి ఊడివచ్చి, రెండు తోకల్లా రోడ్డంతా ఊడుస్తున్నాయట. కాస్త చోటు దొరకగానే ఆపాను.

పోలీసాయన నన్ను చూశాడు. టవల్ చుట్టుకుని, కళ్ళు మండుతూ, నురగ కారుతూ నిలబడ్డ అన్నయ్యని చూశాడు. నన్ను వదిలేసి ఆయన్నే అడిగాడు.

"సార్, మీరు మీ ఇష్టంతోనే ఈ బండిలో ఉన్నారా?"

అన్నయ్య ఆలోచించాడు! ఆ మూడు క్షణాల్లో నా గ్రీన్‌కార్డ్ ఫైల్ మొత్తం పేజీ పేజీగా కళ్ళముందు తిరిగింది.

"మా మర్దలు మొగుడు సార్," అన్నాడు చివరికి ఇంగ్లీషులో, బరువుగా నిట్టూర్చి. "ఇష్టమేముంటది!"

పోలీసాయనకీ తోడల్లుళ్ళున్నట్టున్నారు. నవ్వు ఆపుకుంటూ, తీగా పైపూ చుట్టడానికి తనే సాయం చేసి పంపించాడు. కొట్లో పాలతోపాటు మూడు డబ్బాల నీళ్ళు కొని అన్నయ్య సబ్బు కడిగించాను. చన్నీళ్ళు. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను.

తిరుగుదారంతా నాకు ఒకటే దిగులు. ఇద్దరు ఆడవాళ్ళు, ఫోన్లు లేవు, ఇల్లు లేదు. కలపబోయి శాశ్వతంగా విడగొట్టానేమో!

సైట్ దగ్గరికి వచ్చేసరికి అక్కాచెల్లెళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నన్ను చూసి నవ్వు ఇంకా పెద్దదైంది.

"వచ్చి చూస్తే ఇల్లు లేదు," అంది సుధ కళ్ళు తుడుచుకుంటూ. "దొంగలెత్తుకుపోయారని ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చేశాం. పక్కాయన వచ్చి, మీ ఆయనే చెయ్యూపి మరీ వెళ్ళాడని చెప్పాడు."

"అప్పట్నించీ నిన్నే తిట్టుకుంటున్నాం మరిదీ," అంది వదిన. "ఎన్నాళ్ళయిందో ఇంత మనసువిప్పి మాట్లాడుకుని!"

ఆ కొండల సాక్షిగా, తిరిగొచ్చేసరికి డబ్బా పగిలి ఒలికిపోయిన పాలమీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇకమీదట కాఫీ తాగకుండా మా ఇంటిని గడప దాటనివ్వను. దాటినా, ముందు స్నానాల గది తలుపు తడతాను.