మా బట్టల మిషన్ మొరాయించిన శుక్రవారం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఫోను చేతికొచ్చింది గానీ మాటలింకా నోటికి రాలేదు. బాపుకు, అంటే మా నాన్నకు, దుబాయిలో ఒక హోటల్ లాండ్రీలో పని. సెలవు కాబట్టి శుక్రవారం శుక్రవారం వీడియో కాల్ చేసేవాడు. "తిన్నరా?" "తిన్నం." "మంచిగున్నరా?" "ఉన్నం." అంతే, అవ్వ (మా అమ్మను అలాగే పిలుస్తాను) ఫోను నా చేతిలో పెట్టి బీడీలు చుట్టే చాట ముందుకు జరిగేది. వారమంతా ఎదురుచూసిన మనిషి, తీరా మొహం కనబడగానే మూగనోము పట్టేది. (నేనప్పుడు ఇంటర్ రెండో ఏడు. ప్రేమ సినిమాల్లో తప్ప మా నిర్మల్‌లో దొరకదని నా గట్టి నమ్మకం.)

కిందటిసారి వచ్చినప్పుడు బాపు బట్టలుతికే మిషన్ కొనిపెట్టి పోయాడు. ముందువైపు గుండ్రటి అద్దం తలుపు. ఒక శుక్రవారం మధ్యాహ్నం అది కడుపునిండా నీళ్లు పెట్టుకుని ఆగిపోయింది. తలుపు గుంజితే రాలేదు, బతిమాలినా రాలేదు. పక్కింటి కాకయ్య వచ్చి అద్దంలోకి తొంగిచూసి, "వదినె, జర తప్పుకో, గడ్డపారతోని ఒక్క పోటు పొడుస్త" అన్నాడు. అవ్వ మిషన్‌కు అడ్డంగా నిలబడి, "ముందుగాల నన్ను పొడువు, ఎన్కకు దాన్ని పొడుద్దువు" అంది. కాకయ్య గడ్డపార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అంతలో బాపు ఫోను.

సంగతి చెప్పగానే లాండ్రీ మనిషి మొహం వెలిగిపోయింది. "ఫికర్ జెయ్యకు. స్విచ్ బంద్ జెయ్యి. కింద మూలకు చిన్న మూత ఉంటది, తాంబాళం వెట్టి మెల్లగ తిప్పు. నీళ్లు పోయినంక జరసేపటికి గడియ అదే ఇడుస్తది." నేను ఫోను పట్టుకున్నాను, అవ్వ మూత తిప్పింది. నీళ్లు తాంబాళంలో కొన్ని, ఇల్లంతా కొన్ని పారాయి. వాటి వెనకాలే బీడీ దారం ఉండ బయటికొచ్చింది, అవ్వ కొంగు ముడిలోది. "మిషన్‌కు గూడ బీడీలు జేసుడు నేర్పుతున్నవా?" అన్నాడు బాపు. అవ్వ పకపకా నవ్వింది. ఫోన్లో ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

"ఏదీ, అద్దం దగ్గర వెట్టు బిడ్డా" అన్నాడు బాపు. పెట్టాను. "గా నీలి గీతల అంగి నాదే గదా? నేనిటొచ్చి ఎనిమిది నెలలాయె. గది ఎట్ల మాసింది?"

అవ్వ తలవంచుకుని నేల తుడవసాగింది. జవాబు నేనిచ్చాను, నాకు తెలివి ఎక్కువ కదా. "అవ్వ వారవారం ఉతుకుతది బాపు. తీగ మీద నీ అంగి ఆరుతుంటే నువ్వు ఇంట్లున్నట్టే ఉంటదంట."

"నోరు మూస్తవా లేదా!" తడిగుడ్డ వచ్చి నా భుజాన పడింది. తెరలోంచి బాపు మొహం పక్కకు తప్పుకుంది, ఉత్త గోడ మిగిలింది. నెట్ పోయిందేమోనని ఫోను దులిపాను కూడా.

అప్పుడే టక్కున మిషన్ గడియ వదిలింది. "వచ్చిం..." అనబోయాను. అవ్వ చెయ్యి నా నోటి మీద, మోకాలు తలుపు మీద పడ్డాయి. "ఇంక రాలే," అంది బాపుతో, నా వైపు గుడ్లురిమి చూస్తూ. "ఏం జెయ్యాలె మరి?"

రోజంతా అలాంటి తలుపుల చప్పుళ్ల మధ్య బతికే మనిషి ఆయన. "గట్ల తొందరగ రాదు," అన్నాడు. "జర టైం వడ్తది. గక్కడ్నే కూసో, నేను లైన్ల ఉంట."

అవ్వ తడినేల మీదే, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. బాపు దగ్గు నుంచి మొదలుపెట్టి మా గేదె పాల దాకా, ఊళ్లో పెళ్లిళ్ల నుంచి అక్కడి ఎండల దాకా, ఇద్దరూ పొద్దుగూకే వరకు మాట్లాడుకుంటూనే ఉన్నారు. లోపల నా చున్నీ ముక్క వాసన పట్టిపోతోందని నేను మండిపడ్డాను. అంత చప్పుడైనా బాపుకు వినబడలేదు, ఆయనకు చెవుడు వచ్చిందని కూడా అనుకున్నాను.

ఇప్పుడు మా ఆయన మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. చాలా మంచి మనిషి. మొన్న నా మిషన్ ఆగిపోయిందని చెబితే, "మెకానిక్‌ను పిలువు, నేను పైసలు పంపుత" అని ఫోను పెట్టేశాడు. పాపం, ఆయన తప్పేముంది! అవ్వను చూసి ఇంతలా కుళ్లుకునే రోజొకటి వస్తుందంటే, ఆ ఇంటర్ పిల్ల నమ్మి ఉండేది కాదు.