గ్రీజు పెట్టిన చెయ్యి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవి. గుంటూరు బ్రాడీపేటలో మా కొట్టు. చేపల గాలాలు, రాడ్లు, రీళ్ళు అమ్ముతాను, పాడైతే బాగుచేస్తాను. అంతకుముందు అదే గదిలో మా నాన్న సైకిళ్ళు బాగుచేసేవాడు. స్పానరు పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కోచింగ్ సెంటర్ల మధ్య గాలాల కొట్టేమిటని నవ్వేవాళ్ళున్నారు గానీ, కృష్ణ ఒడ్డుకీ కాలవల మీదికీ వెళ్ళే సరదా మనుషులు మా వైపు తక్కువేం కాదు.

ఆ వేసవిలో దాచేపల్లి వైపు నుంచి వెంకట్రావు గారని ఒకాయన వచ్చారు. అరవై దగ్గరపడ్డ మనిషి. జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లులో, పనిచేస్తుండగా కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి. పని పోయాక ఆయనకి మిగిలిన సంతోషం చేపలు పట్టడం ఒక్కటే. రాడ్డుని కుడి చంకలో ఇరికించి ఎడమచేత్తో రీలు తిప్పుతారు. అది బెయిట్‌కాస్టింగ్ రీలు, దారం చుట్టిన కండె రాడ్డుకి అడ్డంగా తిరిగే రకం.

ఇలాంటి రీలులో యాంటీ రివర్స్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. చేప లాగినప్పుడు హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపేది అదే. అందులో రెండు రకాలు. రాట్చెట్‌లో పళ్ళ చక్రానికి చిన్న నాలుక అడ్డుపడుతుంది. మొరటుది, మట్టి పడినా పనిచేస్తుంది. కాకపోతే పన్ను తగిలేదాకా హ్యాండిల్ కాస్త వెనక్కి జారుతుంది. రెండోది వన్ వే రోలర్ బేరింగ్. సన్నటి రోలర్లు ఇరుసుని అక్కడికక్కడే బిగబడతాయి, వెంట్రుకవాసి కూడా కదలదు. కానీ మహా సుకుమారం. పల్చటి నూనె ఒక్క చుక్క చాలు. గ్రీజు పట్టించామంటే రోలర్లకి పట్టు దొరక్క జారిపోతాయి.

వెంకట్రావు గారిది పాత రాట్చెట్. హ్యాండిల్ జారి ఆగినప్పుడల్లా మణికట్టు అదురుతోందన్నారు.

"నాకున్నది ఒక్క చెయ్యి భాయ్. దీనికేది మంచిదో నువ్వే చెప్పు."

రోలర్ బేరింగ్ ఒక్కటే ఉన్న రీలు ఇచ్చాను. రెండు ఏర్పాట్లూ కలిపి ఉన్నవి కూడా అరలో ఉన్నాయి. వాటిలో ఒకటి జారినా రెండోది ఆపుతుంది. అయితే అవి కాస్త బరువు, చంకలో ఇరికించి తిప్పే మనిషికి తేలికది మేలనుకున్నాను. తిప్పి చూసి, ఇలాంటిదొకటి ఉందని ఇంతకాలం ఎవరూ చెప్పలేదే అని మురిసిపోయారు.

వానలకి ముందు దాన్ని సర్వీసుకి తెచ్చారు. ఇసుక పడిందట. మా దగ్గర రైతులకి మోటారైనా సైకిలైనా గ్రీజు కారుతూ కనపడకపోతే సర్వీసు చేసినట్టు లెక్క కాదు. నాన్న కూడా సైకిలు చక్రం మధ్య హబ్బు నిండా కూరేవాడు. ఆ రోజు నేను వెంకట్రావు గారితో మిరప తెగులు గురించి కబుర్లాడుతూ రీలు విప్పి, కడిగి, దొరికిన సందులోకల్లా గ్రీజు కూరి బిగించాను. రోలర్ బేరింగ్‌లోకి కూడా. అలవాటులో పొరపాటు.

నెల తిరక్కుండా ఎడమచేతికి పిండికట్టుతో వచ్చారు. పెద్ద వాలుగ పడిందట. అది ఒక్క గుంజు గుంజేసరికి హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి బొటనవేలికి కొట్టుకుని ఎముక చిట్లింది. నన్ను ఒక్క మాటనలేదు. సంచీ బల్లమీద పెట్టి, అందులో ఉన్న రీలు ఎవరికైనా ఇచ్చేయమన్నారు. భార్య అన్నం కలిపి నోట్లో పెడుతోందని చెబుతూ తల దించుకున్నారు.

"ఈ చెయ్యి కూడా అయిపోయింది భాయ్. పట్టు నిలవక హ్యాండిల్ వదిలేసింది. ఇంక దీన్ని నమ్మి ఏ పనీ ముట్టుకోను."

ఆయన ఎదురుగానే పక్క మూత విప్పాను. రోలర్ల మధ్య నేను పెట్టిన గ్రీజు ముద్దగా కనపడింది. ఆయనకి లోపలి సంగతులు తెలియవు. మూత వేసేస్తే అక్కడితో సరి. మీ దగ్గర దాచడమెందుకు, రెండు మరలు బిగించాను కూడా. మూడో మర చేతిలో ఉండగా ఆ కట్టు వైపు చూశాను. సిగ్గేసింది. మళ్ళీ విప్పి ఆయన ముందు పెట్టాను.

"తప్పు మీ చేతిది కాదు బాబాయ్ గారూ. నాది. పెట్టకూడని చోట గ్రీజు పెట్టాను. ఈ రీలు ఎవరు పట్టుకున్నా ఆగేది కాదు."

తిడతారనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. ఆయన వంగి లోపలికి చాలాసేపు చూశారు. హ్యాండిల్ వెనక్కి తిప్పమన్నారు. అడ్డూ ఆపూ లేకుండా తిరిగింది. ఇంకోసారి తిప్పమన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాట," అన్నారు.

ఇప్పుడు ఎవరడిగినా రెండు ఏర్పాట్లూ ఉన్న రీలే ఇస్తున్నాను. రోలర్ బేరింగ్ విప్పితే ఎవరితోనూ మాట్లాడను. పనిలో తప్పులు జరుగుతాయి, దిద్దుకుంటాం. కానీ మనం దాచుకున్న తప్పుని అవతలి మనిషి తనదనుకుని మోస్తాడని ఆ రోజే తెలిసింది. నేను ఆ రెండు మరలు బిగించినంతసేపూ వెంకట్రావు గారు నా తప్పు మోస్తూ నా ఎదురుగానే నిలబడి ఉన్నారు.