లుజైన్ రాసిన పొడుగు మెయిల్

లుజైన్ మెయిల్ రాసిందంటే, తెరిచే ముందు టీ చెప్పుకోవాలని ఆఫీసులో నవ్వుకునేవారు. ఆమె దాన్ని మెచ్చుకోలు కిందే తీసుకునేది. తండ్రి అమ్మాన్‌ దగ్గరి సాల్ట్ పట్టణంలో బడిపిల్లలకు అరబీ వ్యాకరణం చెప్పేవాడు. పక్కింటివాళ్ల నిచ్చెన కావాలన్నా ఆయన చీటీలో ముందు సలాములు, తర్వాత కుశల ప్రశ్నలు, ఆ తర్వాత ఇరుగుపొరుగు ధర్మం గురించి రెండు ముక్కలు ఉండేవి. నిచ్చెన చిట్టచివర వచ్చేది. నేరుగా విషయంలోకి దిగేవాడు మర్యాద తెలియనివాడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం కూతురికీ వచ్చింది.

లా చదువులో ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. అమ్మాన్‌లో, వైబ్దే కొండ మీద ఆఫీసు ఉన్న నజ్మీ ఖాఖీష్ అనే వకీలు దగ్గర జూనియర్‌గా చేరింది. పొద్దున కోర్టుకు వెళ్లి వాయిదాలు తీసుకోవడం, మధ్యాహ్నం మెయిళ్లకు జవాబులివ్వడం ఆమె పని. నజ్మీకి రాత అంటే చిరాకు. ఫోన్లో అంతా మాట్లాడేసి, "అదంతా రాసి పంపించెయ్. నాకూ ఒక కాపీ పెట్టు," అనేవాడు. ఆ కాపీలు ఆయన తెరిచేవాడు. చదివేవాడు మాత్రం కాదు.

అబూ గాలిబ్ అనే కాఫీ వర్తకుడు ఆ ఆఫీసుకు పాత క్లయింటు. దిగువ బజారులో గింజలు వేయించి, ఏలకులు కలిపి, పొడి కొట్టి అమ్ముతాడు. ఆ దుకాణాన్ని ఆయన తండ్రి అద్దెకు తీసుకున్నాడు. అప్పటి చట్టం ప్రకారం, అద్దె సరిగ్గా కడుతున్నంత కాలం యజమాని ఖాళీ చేయించలేడు. ముసలి యజమాని పోయాక కొడుకులు వచ్చి, "పేర్లు మార్చాలి బాబాయ్, అంతకంటే ఏమీ లేదు," అని ఒక కొత్త ఒప్పందం చేతిలో పెట్టారు. అబూ గాలిబ్ ఎందుకైనా మంచిదని ఆ కాగితాలకు ఫొటోలు తీసి ఆఫీసుకు పంపించాడు.

"చూసి రాయి," అన్నాడు నజ్మీ.

లుజైన్ మొదటిసారి చదవగానే కిటుకు పట్టుకుంది. కొత్త దాని మీద సంతకం పెడితే పాత ఒప్పందం రద్దవుతుంది. దానితో పాటే తండ్రి నాటి రక్షణా పోతుంది. కొత్త ఒప్పందానికి గడువు ఏడాదే, అది తీరగానే గెంటేయొచ్చు. అది కనిపెట్టినందుకు ఆమెకు గర్వంగా అనిపించింది. ఆ గర్వంతోనే రాయడానికి కూర్చుంది.

విషయం అన్న చోట "మీ విషయమై" అని పెట్టింది. సలాముల తర్వాత, "మీరు పంపిన ఒప్పందాన్ని మా కార్యాలయం క్షుణ్ణంగా పరిశీలించింది," అంది. అక్కణ్ణుంచి అద్దె చట్టం పుట్టు పూర్వోత్తరాలు, పై కోర్టు తీర్పులు, వాటి మీద భిన్నాభిప్రాయాలు. ఆఖరి పేరాలో, "పై కారణాల దృష్ట్యా సంతకం విషయంలో తొందరపడకపోవడం శ్రేయస్కరమని భావిస్తున్నాం," అని ముగించింది. రాసింది మళ్లీ చదువుకుంది. ఎక్కడా వేలు పెట్టడానికి లేదనిపించి పంపింది.

వారం తిరక్కుండా అబూ గాలిబ్ కాఫీ పొట్లంతో వచ్చాడు.

"దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి బిడ్డా. నా నెత్తి మీద బరువు దించావు."

"ఏ బరువు బాబాయ్?"

"ఆ కాగితాలే. మీరు క్షుణ్ణంగా చూశామని రాశారుగా! ఇక భయమేముంది, నిన్ననే సంతకం పెట్టేశాను."

 "కింద... చివర్లో రాశాను, తొందరపడొద్దని," అంది లుజైన్.

అబూ గాలిబ్ ఫోన్ తీసి, కళ్లజోడు పైకి నెట్టి, తెరను వేలితో పైకి తోస్తూ పోయాడు. చాలాసేపు తోశాడు. ఆఖరి పేరా దగ్గర ఆగి పెదాలు కదుపుతూ చదివాడు.

"ఇదంతా చదవాలంటే నేను దుకాణం మూసుకోవాలి బిడ్డా," అన్నాడు. తర్వాత సంతకం పెడితే ఏమవుతుందో అడిగి తెలుసుకుని, "సరే, ఇప్పుడెలాగూ మూసుకోవాల్సిందేగా," అన్నాడు.

గొడవ చేయలేదు. పొట్లం బల్ల మీదే వదిలి వెళ్లిపోయాడు.

లుజైన్ నేరుగా నజ్మీ గదిలోకి వెళ్లి జరిగింది చెప్పింది. ఆయన తన కాపీ తెరిచి మొదటిసారి పూర్తిగా చదివాడు.

"చట్టం తప్పు లేదు," అన్నాడు.

"చట్టం తప్పు లేదు ఉస్తాద్. సంతకం పెట్టొద్దు అన్న మాట మాత్రం ఇందులో ఎక్కడా లేదు."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "నేను చూసుంటే ఆపేవాణ్ణి," అన్నాడు. అది ఆమె కోసం అన్నాడో తన కోసం అన్నాడో తెలియలేదు.

మర్నాడు ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. తప్పు తమ ఆఫీసుదేనని, కావాలంటే బార్ అసోసియేషన్‌లో ఫిర్యాదు చేయొచ్చని, వేరే వకీలును పెట్టుకోవచ్చని లుజైనే చెప్పింది. అబూ గాలిబ్ కాఫీ పోసిచ్చి, "చిక్కు పెట్టిందెవరో వాళ్లనే విప్పనీ," అన్నాడు. సంతకం మోసంతో పెట్టించుకున్నారని నజ్మీ దావా వేశాడు. ఫీజు తీసుకోలేదు.

ఏడాదికి పైగా నడిచినా కేసు నిలవలేదు. "చదివే సంతకం పెట్టారా?" అని జడ్జి అడిగాడు. "నా తరఫున చదివారనుకున్నాను," అన్నాడు అబూ గాలిబ్. కోర్టు హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. లుజైన్ తల వంచుకుని చేతిలోని ఫైలు చూస్తూ నిలబడింది.

తీర్పు వచ్చిన రోజు అబూ గాలిబ్ ఊళ్లో లేడు. లుజైన్ ముందు ఫోన్ చేసి నోటితో చెప్పింది. తర్వాత రాతపూర్వకంగా ఉండాలని మెయిల్ రాసింది. "కేసు ఓడిపోయాం, నెలాఖరులోగా దుకాణం ఖాళీ చేయాలి" అని విషయం అన్న చోటే పెట్టింది. కింద, అప్పీలుకు వెళ్లొచ్చు గానీ గెలుస్తామన్న ఆశ మాకు లేదు, వెళ్తారో లేదో గురువారంలోగా చెప్పండి అని ఉంది.

నజ్మీ ఆమె భుజం మీదుగా చదివాడు. "ఇదేమిటి, మనిషిని చెంప మీద కొట్టినట్టు! ఒక సలామైనా పెట్టవా?"

"పెట్టాను ఉస్తాద్. ఒక్కటే పెట్టాను."

 ఆమె పంపింది. సాయంత్రం లోపలే జవాబొచ్చింది: "చదివాను. అప్పీలు వద్దు."

అబూ గాలిబ్ ఊరి శివార్లలోని సువైలెహ్ వైపు, పాత దానిలో సగమున్న దుకాణంలోకి మారాడు. పాత ఖాతాదారుల్లో కొందరే అంతదూరం వెళ్లారు. లుజైన్ శిక్షణ ముగించి ప్రమాణం చేసి పూర్తి వకీలు అయింది. సెలవుల్లో తండ్రి ఆమె రాసిన మెయిల్ ఒకటి చూసి, "ఇది తంతి వార్తలా ఉందే! నేను నేర్పింది ఇదా?" అని నొచ్చుకున్నాడు. ఆమె వాదించలేదు. తండ్రికి రాసేటప్పుడు మాత్రం పాత పద్ధతిలోనే రాసింది.

ఒకసారి సువైలెహ్‌లో పనిపడి, కాఫీ దుకాణం దగ్గర ఆగింది. కొత్త చోటి అద్దె ఒప్పందం ఎవరు చూశారని అడిగింది.

"వేరే వకీలు బిడ్డా. ఏమీ అనుకోకు."

"అనుకోను బాబాయ్. బాగా చూశాడా?"

"వాడు రాయడు," అన్నాడు అబూ గాలిబ్, గింజలు తిప్పుతూ. "ఫోన్ చేసి అరుస్తాడు."