తెల్ల కడుపు ఏట్రింత కోసం మూడు పొద్దులు

డిసెంబరు. పొద్దున్న అయిదూ నలభైకి కోటబొమ్మాళి దగ్గర జీడితోటలో దిగాను. పొగమంచు మోకాళ్ళ దాకా ఉంది. కిట్టు: పాత మిలట్రీ జెర్సీ, బైనాక్యులర్, నీళ్ళ సీసా, మా ఆవిడ కట్టిచ్చిన మినపరొట్టె. ఆర్డరిచ్చింది మా బావ. రిటైరైన సైన్సు మాస్టారు, ఊళ్ళ మీద తిరిగి పిట్టల లెక్క రాస్తాడు, ఆ లెక్కలోకి నన్నూ చేర్చుకున్నాడు. నేనూ అతనికి బావనే.

"ఏట్రింత తెలుసు కదా బావా? నల్లగా, తోక సీలి ఉంటాది. పురుగుల్ని గాల్లోనే పట్టి తింతాది. ఆ తోటలో దాని సుట్టం ఒకటున్నాదట. పైనంతా నలుపు, కడుపొక్కటే తెలుపు. ఆ తెలుపు నీ కళ్ళతో సూసి సెప్పు. ఆదివారం లోపల సూడకపోతే లెక్కలోంచి నిన్ను తీసెస్తాను. కళ్ళాపరేషనైనోడివి, ఏటీ అనుకోకు."

అదీ నా మంట. ఇరవై రెండేళ్ళ సర్వీసులో పదేళ్ళు మంచుకొండల మీద కాపలా పోస్టులోనే గడిపాను. అవతలి కొండ మీద ఎవడు బీడీ ముట్టించినా చెప్పేవాణ్ణి. నా కళ్ళ గురించి మాస్టారు మాట్లాడతాడా! కోపం వచ్చింది. లోపల భయమూ వేసింది, నిజంగానే చూపు పోయిందేమోనని.

నిలబడితే పిట్ట ఎగిరిపోతుందని గడ్డిలో పాకాను. మోచేతులు, మోకాళ్ళు, తల కిందకి. ఎక్కడో ఈల. తలెత్తితే ఆకులే. ఎనిమిదింటికి ఫోన్లో రిపోర్టిచ్చాను.

"బావా, ఇంకా కనపడ్లేదు. ఈల మాత్రం వినిపిస్తన్నాది."

"ఎక్కణ్ణించి?"

"అన్నివైపుల్నించీ."

"సర్లే, టిఫినుకొచ్చీ."

రెండో రోజు ఎర్రచీమలు జెర్సీలో దూరాయి. సైనికుడు అరవకూడదు. నేను అరిచాను. ఆ రోజు డ్యూటీ అక్కడితో సరి.

ఆదివారం ఏడూ పదికి మోచేతుల తోలు లేచిపోయింది. మేకలు తోలుకొచ్చిన అప్పలమ్మ గట్టు మీద నిలబడి చూస్తోంది.

"మిలట్రీ బాబూ, ఏటి ఎతుకుతన్నారు?"

"పిట్టని. కడుపు తెల్లగా ఉంటాది. మెల్లగా మాట్లాడు."

"ఓలమ్మా! అది మూడ్రోజుల్నించీ మీ ఎనకాలే తిరుగుతన్నాది కదేటి! మీరు పాకితే మిడతలెగుర్తన్నాయి, అది తింతన్నాది. నా మేకల ఎనక తిరిగే పిట్ట, ఆటినొగ్గేసి మీ కాడికొచ్చీసింది."

సర్వీసంతా నా వెనక్కి ఒక్కణ్ణీ రానివ్వనివాణ్ణి. సిగ్గుతో చచ్చాను. దానికి తోడు నడుం పట్టేసింది. ఇక నా వల్ల కాక వెల్లకిలా తిరిగాను.

నెత్తి మీద కొమ్మ. కొమ్మ మీద అది. ఉతికిన పంచెలా తెల్లటి కడుపు. బైనాక్యులర్ అక్కర్లేకపోయింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిడత రెక్క ఒకటి రాలి నా మీసంలో పడింది. అలా పడుకునే ఫోన్ చేశాను.

"బావా, కనపడింది! కడుపు తెలుపు. కన్ను ఎరుపు. మిడతని కాలికింద నొక్కి తింతన్నాది."

"కన్నెరుపని నేను సెప్పనేదే! అంత దగ్గిరికి ఎలా ఎల్లావు బావా?"

"అదే వచ్చింది," అన్నాను.

ఇంటికొచ్చేశాను. లెక్కలో నా పేరు ఉంది. మంచుకొండల మీద చూసినవన్నీ మెల్లగా మసకబారుతున్నాయి. ఇదొక్కటే పోదు: మిడత తినేశాక ఆ పిట్ట తల వంచి, వీడు మళ్ళీ ఎప్పుడు పాకుతాడా అన్నట్టు, నాకేసి చూడటం.