ఇద్దరి పథ్యం

నైట్ డ్యూటీలు నిద్రను మింగేస్తే నర్సమ్మ నిద్రమాత్రలు మింగడం మొదలుపెట్టింది. అలవాటు ముదిరి, చికిత్స చేయించుకుని, ఇవాళే మళ్ళీ డ్యూటీలో చేరింది. తోటివాళ్ళంతా పగిలిన గాజుబొమ్మను చూసినట్టు చూస్తుంటే ఆమెకు ఒళ్ళు మండింది. వార్డులో ఆ కబురంతా విని, షుగర్ సూదికి చెయ్యి చాపిన ముసలమ్మ మాత్రం మొహమాటపడలేదు.

“నీ జబ్బు తగ్గిందా తల్లీ?”

“తగ్గింది మామ్మా. కానీ రోజూ కాచుకోవాలి.”

“నా షుగర్ లాగే అన్నమాట. మరి ఇవాళ మాత్ర మింగావా?”

“లేదు, ఒట్టు. నువ్వు మిఠాయి తిన్నావా?”

ముసలమ్మ దిండు కిందనుంచి మిఠాయి పొట్లం తీసి నర్సమ్మ చేతిలో పెట్టింది.

“రేపట్నుంచి నీకు నేను కాపలా, నాకు నువ్వు. ఇది నువ్వే తినెయ్. నీ జబ్బుకి తీపి పథ్యం లేదుగా.”