మంట పుట్టేదాకా

మా ఊళ్లో కాలికి ముల్లు దిగినా, పత్తి మోడు గుచ్చుకున్నా మొదటి మందు జిల్లేడు పాలే. ఆకు తుంచి, కారే చుక్కలు గాయం మీద పడేలా పట్టాలి. ఎన్ని చుక్కలన్న లెక్క లేదు. మంట పుడితే పని చేసినట్టు, పుట్టకపోతే ఇంకా పోయాలి. చిన్నప్పుడు మా బాపు నాకు అలాగే పోసేవాడు. నేను కెవ్వుమనగానే, "ఆఁ, అందింది" అని ఆకు అవతల పారేసేవాడు.

పెద్దయ్యాక నేను ఆ పాల మీదే చదువుకున్నాను. ఇప్పుడు కరీంనగర్‌లో కాలేజీ పిల్లలకు అదే చెబుతున్నాను. ఆ పాలలోని ఎంజైములు మాంసకృత్తులను ముక్కలు చేస్తాయి. పుండులో చచ్చిన కండ కరిగిపోతే కొత్త కండకు చోటు దొరుకుతుంది. ఉడికిన కోడిగుడ్డు తెల్లసొన ముక్కను పాలు కలిపిన నీళ్లలో వేసి చూపిస్తాను. మర్నాటికి అంచులు కరిగి ముక్క చిన్నదవుతుంది. ఏది చచ్చిన కండో, ఏది బతికిన కండో ఎంజైముకు తెలియదని కూడా చెబుతాను.

జమ్మికుంట దగ్గర మా ఊరికి పోయినప్పుడు బాపుకు మాత్రం మొదటి సగమే చెప్పాను. "నువ్వు పోసిన పాలల్ల నిజంగనే మందున్నది బాపూ" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. నాకది ముచ్చటేసి అక్కడే ఆపేశాను. ఆయనకు షుగర్ ఉన్న సంగతి తెలియనిదాన్ని కాదు. "గీ మనిషికి కాలి చెప్పు ఊసిపోయినా తెల్వది" అని అవ్వ తన మొగుణ్ని చూసి నవ్వితే, నేనూ కలిసి నవ్వాను.

ఆ ఏడు పత్తి ఏరడం అయ్యాక, ఎండిన మోడొకటి బాపు బొటనవేలి పక్కన దిగింది. జిల్లేడు పాలు పోశాడు. మంట పుట్టలేదు. మర్నాడు మళ్లీ పోశాడు. అలా పన్నెండు రోజులు. ఫోన్‌లో అడిగితే, "జర గీరుకున్నది, నొప్పి లేదు, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

అవ్వ వాసన పట్టి నాకు చెప్పాకే దవాఖానకు తెచ్చాం. డాక్టరు గుడ్డ విప్పి చూసి, "ఏం పోసిండ్రు పెద్దాయనా దీని మీద?" అని అడిగాడు.

"జిల్లేడు పాలు సారూ. మంట పుడ్తలేదని రోజూ పోసిన. అండ్ల మందున్నదని మా బిడ్డనే చెప్పింది. గదే చదివింది" అన్నాడు బాపు, నన్ను చూపిస్తూ, గర్వంగా.

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. ఏడుపు గానీ సిగ్గు గానీ ఏదీ రాలేదు. కాగితం ఇస్తే సంతకం పెట్టాను. రెండు వేళ్లు తీసేశారు.

మూడో రోజు వార్డుకు వెళ్లేసరికి బాపు కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం చివర నిలబడి, కట్టులోంచి బయటికి కనిపిస్తున్న, మిగిలిన కాలివేళ్లను చేత్తో పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. చాలాసేపటికి నర్సు బీపీ చూడడానికి వచ్చి పిలిస్తే, ఆయన ఇటు తిరిగాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు.