ఎల్ల అవతలి నేల

భాస్కరం ఏం చదువుతున్నాడో కోనసీమలో అతని ఊరివాళ్లకు సరిగ్గా తెలియదు. తండ్రి సూర్యనారాయణమూర్తిగారు పౌరోహిత్యం చేసేవారు. ఎవరైనా అడిగితే, "మావాడు మద్రాసులో ఇంజనీరింగు చదువుతున్నాడండి," అని మాట దాటేసేవారు. తోటలు వేయడం నేర్చుకుంటున్నాడంటే నవ్వుతారని ఆయన భయం. కొబ్బరితోట వేయడానికి మద్రాసు దాకా వెళ్లాలా అని అప్పటికే ఒకరిద్దరు అన్నారు.

అది 1896. ఉద్యానవనాల రూపకల్పనకు వేరే పట్టా అంటూ లేని రోజులు. సర్వే, లెవెలింగు, డ్రాయింగు చదివే విద్యార్థుల్లో ఇష్టమున్నవాళ్లకు ఒక దొర వారానికి రెండు పూటలు తోటల ప్లానులు గీయడం నేర్పేవాడు. నేల ఎటు వాలి ఉందో ఎలా కొలవాలి, ఈరోజు నాటిన మొక్క ముప్పై ఏళ్లకు ఎంత నీడ ఇస్తుంది, ఏ నెలలో గాలి ఎటునుంచి వీస్తుంది, నడిచే మనిషి చూపు ఎక్కడ ఆగాలి, ఎక్కడ సాగాలి, ఇవన్నీ చెప్పేవాడు. భాస్కరానికి వీటన్నిటిలోకీ నచ్చింది ఒక్కటి. కంటికి సొంపుగా లేనిదాన్ని మరుగుపరచడం. మెల్లగా ఒంపు తిరిగే ఒక మట్టిదిబ్బ, దాని మీద చెట్లు. చూసేవాడికి ఆ దిబ్బ నేల పుట్టినప్పటినుంచీ అక్కడే ఉందనిపించాలి. ఆ పాఠం చెప్పిన రోజు అతను ఒక నోటుబుక్కు నిండా దిబ్బలే గీశాడు.

చివరి సంవత్సరం ఆ పాఠాలు తీసుకున్న ప్రతి విద్యార్థీ నిజమైన నేల మీద ఒక తోట వేయించి, దాని పటాలు, కొలతలు పరీక్షకు సమర్పించాలి. తండ్రికి తెలిసిన జమీందారు ఒకాయన గౌతమి ఒడ్డున, చినమడిలంకలో కొత్తగా మేడ కట్టించాడు. దాని ముందున్న ఎనిమిదెకరాలూ భాస్కరానికి అప్పగించాడు.

"ఎలాగైనా వేసుకో అబ్బాయ్, నాకు ఒక్కటే," అన్నాడు జమీందారు మేడ వరండాలో నిలబడి, చేత్తో తూర్పుకు చూపిస్తూ. "ఇక్కడ కూర్చుంటే ఆ పాలెం కనపడకూడదు."

తోట ఎల్లకు అవతల ముప్పై నలభై తాటాకు ఇళ్లున్నాయి. గోదావరిలో వల వేసి బతికేవాళ్ల పాలెం అది. ఇళ్ల మధ్య వలలు ఆరేసి ఉన్నాయి. భాస్కరానికి లోపల్లోపల సంతోషమే వేసింది. తను నేర్చుకున్నదే అడిగారు.

పదిహేను రోజులు కొలత గొలుసు పట్టి, లెవెలు యంత్రం పెట్టి ఎనిమిదెకరాలూ కొలిచాడు. అంకెలు వేసిన పొడవాటి కర్రను పట్టుకోవడానికి పాలెంలోని బుల్లియ్యను కూలికి పిలిచాడు. ఎల్ల రాయి దగ్గరికి రాగానే, "చాలు, ఇక్కడికి ఆపెయ్," అన్నాడు. బుల్లియ్య కర్ర దించి భుజాన వేసుకున్నాడు.

వైశాఖం వెళ్లేసరికి తూర్పు ఎల్ల పొడుగునా నిలువెత్తు దిబ్బ లేచింది. నాటించిన పొగడ, పొన్న మొక్కలు ఇంకా చిన్నవే అయినా, వరండాలో కూర్చుంటే అప్పటికే పాలెం కనపడడం మానేసింది. జమీందారు చూసి మెచ్చుకుని, కాకినాడ వెళ్లాడు.

ఒక ఉదయం బుల్లియ్య భార్య అప్పాయమ్మ చేపల తట్టతో వెళ్తూ దిబ్బ దగ్గర ఆగింది.

"బాబుగారండీ, వానాకాలం మా పాలెం నీళ్లన్నీ ఇటేపే దిగుతాయండి. ఈ పల్లంలోంచి వెళ్లి మురుక్కాలవలో పడతాయి. మీరు అడ్డం కట్టేశారు."

భాస్కరం కొలతలు రాసుకున్న లెవెలు పుస్తకం తెరిచి చూపించాడు. "ఇక్కడ నేల ఇటు వాలి లేదమ్మా. ఇంచుమించు సమంగా ఉంది. చూడు, కొలిచాను."

"కాయితం సంగతి నాకు తెలీదండి. నీళ్లు ఎటు పోతాయో ఏటేటా చూస్తున్నాను."

ఆమె వెళ్లిపోయాక అతనికి మనసులో ఏదో గుచ్చుకుంది. దిబ్బ అడుగున ఒక తూము పెట్టిద్దామని సాయంత్రం జమీందారు దివానును అడిగాడు. "తూము పెడితే పాలెంలో పందులన్నీ తోటలోకొచ్చి కూచుంటాయండి. అయ్యగారు ఒప్పుకోరు," అన్నాడు దివాను. భాస్కరం ఇంక ఆ మాట ఎత్తలేదు. తూము కోసం కోస్తే దిబ్బ ఒంపు చెడుతుందన్న ఆలోచన కూడా ఆ మౌనంలో ఉందని తరవాత ఎన్నో ఏళ్లకు ఒప్పుకున్నాడు.

ఆషాఢంలో వాన పట్టుకుంది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడో రోజు పొద్దున్నే అప్పాయమ్మ తడిసి ముద్దై మేడ మెట్ల దగ్గరికి వచ్చింది.

"ఇళ్లల్లో మోకాలి దాకా వచ్చేసిందండి. మా అత్త మంచం మీంచి లేవలేదు. ఆ దిబ్బ కొట్టించండి బాబూ."

భాస్కరం గొడుగు కూడా లేకుండా పరుగెత్తి దిబ్బ ఎక్కాడు. ఇటువైపు తోటలో మొక్కల మొదళ్లు తడిసి ఉన్నాయంతే. అటువైపు పాలెం మొత్తం ఒక మడుగులా ఉంది. పిల్లల్ని, కోళ్లని ఇళ్ల కప్పుల మీదికి ఎక్కించారు. అతను వెనక్కి వచ్చి పారలు ఇమ్మని దివానును అడిగాడు.

"అయ్యగారి సెలవు లేకుండా ఒక్క గడ్డ కదపడానికి వీల్లేదు. కాకినాడకు పడవ పంపిస్తాను. మీరు ఉత్తరం రాయండి."

భాస్కరం రాశాడు. పడవ వెళ్లింది. అతను వరండాలో కూర్చున్నాడు. సెలవు లేకుండా దిబ్బ కొడితే తోట వేశాడని పరీక్షకు రాసివ్వాల్సిన కాగితం జమీందారు ఇవ్వడు. అది లేకపోతే ఏడాది పోతుంది, తండ్రి ముఖం చూడలేడు. వాన తగ్గుతుందేమో. మధ్యాహ్నానికి కబురు వస్తుందేమో. ఇలా లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే వెళ్లి రెండు ముద్దలు తిన్నాడు కూడా.

మధ్యాహ్నం దాటాక పాలెం వైపునుంచి ఒక్కసారిగా కేకలు వినిపించాయి. నానిన మట్టిగోడ విరిగి బుల్లియ్య తల్లి రత్తమ్మ మీద పడింది. నీళ్లలోంచి ఆమెను బయటికి తీసేసరికే ప్రాణం లేదు.

అప్పుడు భాస్కరం తోటమాలి గదిలోంచి పార తీసుకుని వెళ్లాడు. ఎవరినీ అడగలేదు. పొగడ మొక్కలు పీకేసి దిబ్బ నడుమ తవ్వడం మొదలుపెట్టాడు. అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. అటువైపునుంచి పాలెంవాళ్లు కూడా తవ్వారు. బారెడు సందు పడగానే నీళ్లు దూకాయి. ఆ సందును నీళ్లే వెడల్పు చేసుకుని, పూలమళ్లనూ కంకర దారులనూ ఊడ్చుకుంటూ, సరిగ్గా అప్పాయమ్మ చెప్పిన దారినే మురుక్కాలవలోకి పోయాయి. పొద్దుగూకేలోపు పాలెం నేల బయటపడింది.

వారానికి జమీందారు వచ్చి తోట చూశాడు. మొక్కలకు తనెంత శ్రమపడ్డాడో, ఎక్కడెక్కడినుంచి తెప్పించాడో చెప్పాడు. రత్తమ్మ పేరు ఎత్తలేదు. కాగితం ఇవ్వనన్నాడు.

భాస్కరం మద్రాసు వెళ్లి దొర ముందు పటాలు, లెవెలు పుస్తకం పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఉత్తరానికి జవాబు కోసం కూర్చున్న ఆ పూట గురించి కూడా దాచలేదు. దొర చాలాసేపు అంకెలు చూశాడు.

"కొలతల్లో తప్పు లేదు. కానీ అన్నీ కంచె లోపలివే. అవతల ఎందుకు కొలవలేదు?"

"అది మా తోట కాదని..."

"నీళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పారు?" అన్నాడు దొర. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది భాస్కరానికి. తరవాత అతని పరీక్షను ఒక ఏడాది వాయిదా వేయించి, అదే నేలను మళ్లీ కొలిచి తెమ్మన్నాడు.

మరుసటి వేసవిలో భాస్కరం చినమడిలంక వెళ్లాడు. తోటలోకి రానివ్వరు కాబట్టి పాలెంలోనూ, ఏటిగట్టు మీదా, మురుక్కాలవ పొడుగునా కొలిచాడు. కర్ర పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. మూడో రోజు బుల్లియ్యే వచ్చి కర్ర అందుకున్నాడు. నెల్లాళ్లు పట్టుకున్నాడు. "ఇక్కడేనాండి," "ఆయ్," తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

పని అయ్యాక భాస్కరం అప్పాయమ్మ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆమె వల బాగుచేసుకుంటోంది.

"నావల్ల తప్పు జరిగిందమ్మా. ఆ పొద్దున్నే తవ్వి ఉంటే..."

"అవునండి," అంది ఆమె, తల ఎత్తకుండా. "పొద్దున్నే తవ్వి ఉంటే బతికేది."

ఆమె వలకు ఇంకో ముడి వేసుకుంది.

ఆ ఏడు అతను సమర్పించిన పటంలో పాలెంలోని ప్రతి ఇల్లూ, వలలు ఆరేసే చోటూ, వాననీటి దారీ ఉన్నాయి. తోట పటంలో జాలరి ఇళ్లు ఎందుకని పరీక్షకులు అడిగారు. అతను చెప్పాడు. ద్వితీయ శ్రేణిలో పట్టా వచ్చింది.

ఆ తరవాత ఏ జమీందారూ అతన్ని తోట వేయమని పిలవలేదు. రాజమహేంద్రవరంలో ఒక పాఠశాలలో డ్రాయింగు మాస్టారుగా చేరి, తూర్పు పడమర డెల్టాల్లో మురుగు కాలవల పటాలు గీసే పని కూడా చేసేవాడు. మొదటి జీతం వచ్చిన ఆషాఢంలో పెద్ద వాన కురుస్తుంటే పడవెక్కి చినమడిలంక వెళ్లాడు. తెగిన దిబ్బను ఎవరూ పూడ్చలేదు. నీళ్లు సాఫీగా పోతున్నాయి. అప్పాయమ్మ గుమ్మంలోంచి అతన్ని చూసింది. లోపలికి రమ్మనలేదు.

"ఇంకా ఎందుకండి వానలో? మాకేం ఫరవాలేదు. వెళ్లండి," అంది.

భాస్కరం తల ఊపాడు గాని, వెంటనే వెళ్లలేదు. వాన తెరిపిచ్చేదాకా దిబ్బ సందు పక్కనే నిలబడి నీళ్లు పోవడం చూసి, తిరుగు పడవకు బయల్దేరాడు.